ఓదెలు సార్ తెచ్చిన పెద్ద డిస్కు

ఈ ఉదయం పాత కంప్యూటర్ స్విచ్ వేయగానే కాలిన దుమ్ము వాసన వచ్చింది. లోపల డిస్కు గిర్రున తిరగడం మొదలుపెట్టి, గోటితో గీరినట్టు రెండుసార్లు చప్పుడు చేసి కుదుటపడింది. ఆ రెండో చప్పుడు వినబడేదాకా నేను ఊపిరి బిగబట్టుకునే ఉంటాను. ఓదెలు సార్ నుంచి అంటిన అలవాటు ఇది.

బెల్లంపల్లిలో శుభలేఖలు, శ్రద్ధాంజలి కార్డులు టైపు చేసే చిన్న దుకాణం ఆయనది. గని ఆఫీసులో గుమాస్తాగా రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి, దుకాణం వెనక గదిలోనే ఉండేవారు. భార్య రాజవ్వ చనిపోయారు, పిల్లలు లేరు. నేను పెళ్లయి ఆ ఊరికి కొత్తగా వచ్చినదాన్ని. మా ఆయన షిఫ్టుకు పోతే పలకరించే మనిషి లేక గోడలు చూస్తూ కూర్చునేదాన్ని. టైపు వచ్చని తెలిసి సారే పనిలో పెట్టుకున్నారు. ఇద్దరికీ మాటలు తక్కువ, టీలు మాత్రం ఎక్కువే. అయినా పొద్దున పదింటికి ఒక మనిషి నా కోసం తలుపు తీసి ఉంచుతాడన్నది అప్పట్లో నాకు చాలా పెద్ద ఆసరా.

మా దగ్గర ఫైళ్లకు మనుషుల పేర్లు ఉండేవి కావు, క్వార్టర్ నంబర్లు ఉండేవి. కాలనీలో రాజయ్యలు, లక్ష్ములు లైనుకు పదిమంది. నంబరైతే తికమక ఉండదు. ఒకరోజు ఒక కొత్త కుటుంబం బిడ్డ పెళ్లికి శుభలేఖ చేయించుకుంది. వాళ్ల నంబరుతో దాచబోతే, ఆ పేరుతో ఇప్పటికే ఫైలుంది, దాని స్థానంలో ఇది పెట్టనా అని కంప్యూటర్ అడిగింది. డిస్కు నిండిపోయి రోజూ ఏదో ఒకటి తీసేస్తున్న కాలం. వాళ్లదే పాతదేమో అనుకుని సరేనన్నాను.

అది ఓదెలు సార్ ఖాళీ చేసిన క్వార్టర్. పోయిన ఫైలు రాజవ్వ సంవత్సరీకం కార్డు. అందులో ఆయన సొంతంగా రాసుకున్న ఆరు వాక్యాలున్నాయి. ఫైలుంది కదా అని అచ్చయిన కార్డులన్నీ పంచేశారు, ఒక్కటీ ఉంచుకోలేదు. సంగతి చెప్పి నేను ఏడ్చాను.

"ఏడ్వకు బిడ్డా. జాగ ఇరుకైంది, ఒకల మీద ఒకలు పడ్డరు" అన్నారాయన.

వారం రోజులు కాలనీలో ఇల్లిల్లూ తిరిగి ఆ కార్డు కోసం అడిగాను. సగంమంది బదిలీల మీద వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు మాత్రం శ్రద్ధాంజలి కార్డు ఎందుకు దాచుకుంటారు?

"గా మాటలు యాదికున్నయా సార్?" అని అడిగాను.

"లెవ్వు" అన్నారు. ఉన్నాయనే నా అనుమానం, ఇప్పటికీ.

తర్వాత ఆయన కరీంనగర్ పోయి పెద్ద డిస్కు తెచ్చారు. అది బిగిస్తే కంప్యూటర్ మొదట్లోనే ఆగిపోయింది. కొత్త కంప్యూటర్ కొందామంటే మా తెలుగు ఫాంట్లు అందులో పనిచేయవు. మూడు రోజులు డబ్బా విప్పడం, బిగించడం. నాలుగో రోజు డిస్కు మీద అంటించిన కాగితాన్ని భూతద్దంతో చదివి, వెనక సూదుల్లాంటి పిన్నులకున్న బియ్యపు గింజంత క్లిప్పును పీకి పక్క పిన్నుల జతకు మార్చారు.

"గీ ముసల్దానికి గంత పెద్ద లెక్క రాదు బిడ్డా. డిస్కు జర చిన్నదే అని చెప్తె బెదరదు."

కంప్యూటర్ లేచింది. కొత్త డిస్కులో ఉన్న జాగలో సగం కూడా చూపించలేదు.

"మిగిలిన జాగంత దండుగేనా సార్?"

"ఉంటది తీ. మన పాతయన్ని పట్టినయ్ గద."

నిజంగానే అన్నీ పట్టాయి. ఒక్కో నంబరు పక్కన ఇంటివాళ్ల పేరు చేర్చడానికి నెల పట్టింది. మరోపక్క గనులు మూతపడుతున్నాయి, క్వార్టర్లు కూలుతున్నాయి. రాజవ్వ పేరుతో కూడా ఆయన ఒక ఫోల్డర్ చేశారు. అందులో పెట్టడానికి ఏమీ లేదు. అయినా ఉంచారు.

సార్ పోయి ఇవాళ్టికి పదకొండో రోజు. కార్డు చేయించడానికి ఎవరూ రాలేదు. అందుకే ఈ ఉదయం నేనే కూర్చున్నాను. ఫొటో పెట్టి, పేరు కొట్టాను. ఆరు వాక్యాలు రాద్దామనుకుంటే మూడే వచ్చాయి. రాజవ్వ ఫోల్డర్ తెరిచి అందులో దాచాను. ఈసారి కంప్యూటర్ ఏమీ అడగలేదు. రెండు కార్డులు అచ్చుతీసి, ఒకటి దుకాణం తలుపుకు అంటించాను. రెండోది ఎవరికివ్వాలో తోచలేదు. నేనే దాచుకున్నాను.