గొంతు పోయిన వారం

మన్సూరాబాద్‌లో కొత్త కాలనీలు లేస్తున్న రోజుల్లో అక్కడి రేకుల చర్చిని నిలబెట్టింది పాస్టర్ దేవానందం గొంతే. మైకు లేకుండానే ఆయన మాట రోడ్డు దాకా వినిపించేది. ప్రసంగానికి ముందు గోడవైపు తిరిగి మోకరించి ప్రార్థించే అలవాటు ఒకప్పుడు ఉండేది. జనం పెరిగాక ఆ కాస్త సమయం తల దువ్వుకోవడానికే సరిపోయేది. నోరు తెరిస్తే చాలు, వాక్యం దానంతటదే వచ్చేది.

ఆ చలికాలం గొంతు పూర్తిగా పోయింది. అదే వారం, చర్చికి వచ్చే మేస్త్రీ తీతుకు ప్రాణం మీదికొచ్చిందని అతని భార్య మల్లమ్మ కబురు పెట్టింది. దేవానందం మఫ్లర్ చుట్టుకుని వెళ్లి, గొంతు చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"గొంతు లేకుంటె ఏంది అయ్యగారూ? దేవుడేమన్న చెవిటోడా? మనసులనే చేయుండ్రి" అంది మల్లమ్మ, నెత్తిన కొంగు కప్పుకుంటూ.

ఆయన మంచం పక్కన మోకరించి కళ్లు మూసుకున్నాడు. లోపల పాత ప్రసంగాల ముక్కలు కాసేపు తిరిగాయి. వినే జనం లేక అవీ ఆగిపోయాయి. ఆ తర్వాత తీతు ఎగశ్వాస తప్ప ఏమీ లేదు. ఆమెన్ ఎక్కడ అనాలో తెలియక, మోకాళ్లు తిమ్మిరెక్కినా ఆయన లేవలేదు.

చాలాసేపటికి ఆయన లేచాక మల్లమ్మ ఆ చేతులు కళ్లకద్దుకుంది. "ఇంతసేపు మా కోసం ఎవ్వరూ ప్రార్థన చెయ్యలే అయ్యగారూ."