అంబుజమ్మ ఇంటి కాగితంలో చిల్లు

కేజీఎఫ్ బంగారు గనుల ఊళ్ళో, రాబర్ట్‌సన్‌పేట బజారులో ఒక మాట ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఎనభై ఒకటో సంవత్సరం జనాభా లెక్కల కాగితాలు మూటలు కట్టి బెంగళూరుకు పంపినప్పుడు, అందులో ఒక కాగితానికి సరిగ్గా మాతృభాష రాసే గడిలోనే చిల్లు పడి ఉందట. రాసి, చెరిపి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపి పడిన చిల్లు. వేలు దూరేంత అని కొందరంటారు, తల దూరేంత అని ఇంకొందరు. కళ్ళతో చూసినవాడు ఒక్కడూ లేడు. కానీ అది ఎవరింటి కాగితం అని అడిగితే మాత్రం బజారంతా ఒకే వైపు తిరుగుతుంది, అంబుజమ్మ దినుసుల అంగడి వైపు.

ఆ అంగడి అంబుజమ్మ నాయన పెట్టింది. మొగుడు అశ్వత్థనారాయణ ఇల్లరికం వచ్చిన మనిషి. పొట్లాలు కడతాడు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆయన ఆడిన మాటలన్నీ పోగేసినా ఒక పొట్లం నిండదు. లోపలి వసారాలో అంబుజమ్మ తల్లి విశాలమ్మ, ఎనభై దాటిన ముసలామె, అనపకాయలు ఒలుచుకుంటూ కూర్చుంటుంది. గల్లాపెట్టె ముందు మాత్రం అంబుజమ్మే. గవర్నరు కుర్చీలో గవర్నరు కూడా అంత నిండుగా కూర్చోడు.

ఆమెకో విద్య ఉండేది. మనిషిని చూడగానే ఏ జాతి, ఏ భాష అన్నది చెప్పేసేది. కేజీఎఫ్‌లో అది చిన్న విద్యేమీ కాదు. గనులు సర్కారువై, తెల్లదొరలు ఓడలెక్కి పోయినా, వాళ్ళు పోగేసిన జనం అక్కడే మిగిలిపోయారు. ఆర్కాటు నుంచి వచ్చిన తమిళులు, చిత్తూరు తెలుగువాళ్ళు, కన్నడిగులు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు, మలయాళీలు, మార్వాడీలు, గనికి కాపలా కాసే పంజాబు సర్దార్లు, సగం దొరలూ సగం మనవాళ్ళూ అయిన ఆంగ్లో ఇండియన్లు. ఒక వీధి కుళాయి దగ్గర తొమ్మిది భాషల్లో కొట్లాట జరిగేది. అంబుజమ్మ లెక్క మాత్రం తేలిక. ధనియాలు అరచేతిలో నలిపి వాసన చూస్తే అరవం. సారులోకని, అంటే చారులోకి, బెల్లం అడిగితే కన్నడం. చింతపండు పిసికి చూస్తే మనోళ్ళు. వినిగర్ అడిగితే దొరసాని. పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళు కూడా ముందు ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు, అవతలివాళ్ళు ఏమిటో కనుక్కోవడానికి.

ఆ ఫిబ్రవరిలో లెక్కలు రాయడానికి వెంకటేశయ్య అనే బడి పంతులు వచ్చాడు. శ్రీనివాసపురం పక్క మనిషి. ఆయనకు రెండు లోపాలు. తమిళం రాదు, కుక్కలంటే ప్రాణభయం. ఆయనకిచ్చిన వీధిలో ఇళ్ళు నలభై ఆరు, కుక్కలు తొంభై. గేటు బయటి నుంచే కేకలేసి పేర్లు, వయసులు ఎలాగో రాసుకున్నాడు. భాష దగ్గరకొచ్చేసరికి ప్రతి ఇంట్లోనూ కుక్క లేచేది. చివరికి అంగడి ముందు గోనెసంచి మీద కూలబడ్డాడు.

"అమ్మా, ఆ నీలం తలుపింట్లో ఏ భాషోళ్ళుండారు?"

"యాడికీ పోవద్దు మేష్ట్రే, ఈడనే కూచో. నలభై ఆరిండ్లూ నా తక్కెట్లో తూగినవే. ఊఁ, రాసుకో."

ఆమె చెప్పింది, ఆయన పెన్సిల్‌తో రాసుకున్నాడు. గంటలో వీధి మొత్తం తేలిపోయింది. పంతులు నిమ్మకాయ షర్బత్ తాగి ఇంటికి పోయాడు.

మూడో రోజు పొద్దున చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అమ్మా, నా కొంప మునిగింది! సూపర్వైజరు గోపాలప్ప పోయి ఆ సర్దార్జీ ఇంట్లో చూసినాడు. ఎనిమిది మందీ పంజాబీ అని రాసినాము కదా? అందురూ తెలుగులో మాట్లాడతా ఉండారంట! సాయంత్రం నాలుక్కి మళ్ళీ వస్తాడంట. ఇంగొక్కటి తప్పు దొరికితే నా ఉద్యోగం తీసేస్తాడంట. ఇంట్లో ఐదుగురు పిల్లోళ్ళుండారమ్మా!"

అంబుజమ్మ చేతిలోని చింతపండు ముద్ద పప్పుల డబ్బాలో పడింది. గల్లాపెట్టె మొగుడికి అప్పజెప్పి, కుక్కల్ని అదిలించడానికని తక్కెడ కోల చేతబట్టుకుని వీధిలోకి దిగింది. ఆమె అంగడి దిగగా బజారు చూడటం అదే మొదటిసారి. ఆ రోజు జట్కా గుర్రాలు కూడా ఆగి చూశాయని చెప్తారు.

మొదట సర్దార్జీ ఇల్లు. తలమీద ముసుగుతో ఆయన భార్య బయటికి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా అంగడికొచ్చి, నోరు విప్పకుండా, చేత్తో చూపించి సరుకు కొనుక్కుపోయే మనిషి. అంబుజమ్మ తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కలూ మొదలుపెట్టింది.

"అంత కష్టపడొద్దులే అంబుజమ్మా. నన్ను హనుమక్క అంటారు. మాది ఈ పక్కనే నంగలి, తెలుగోళ్ళం" అంది ఆమె.

అంబుజమ్మ అరుగు పట్టుకుంది. "నంగలా? అయితే ఇరవై ఏండ్లు మూగదాని మాదిరి చేత్తో చూపిస్తా ఉంటివే?"

"మొదటిరోజే నన్ను చూడంగానే హిందీ ఎత్తుకుంటివి. పాపం ఇంత ఆశగా మాట్లాడతాది, మాట్లాడుకోనీలే అని గమ్మున ఉండిపోతిని."

లోపల నుంచి సర్దార్జీ నవ్వాడు. "నాకొక్కనికి పంజాబీ రాయి మేష్ట్రే. పిల్లోళ్ళకు తెలుగు. ఈమెతో కొట్లాడి కొట్లాడి నాకూ అదే వచ్చేసింది, ఏం చేసేది?"

రెండో ఇల్లు మునిశామప్పది. గనిలో ముప్పై ఏళ్ళు భూమి కింద పని చేసినవాడు. చింతపండు అతను పిసికినంత నిష్ఠగా ఎవరూ పిసకరు. అంబుజమ్మ దృష్టిలో కేజీఎఫ్ మొత్తానికి అంతటి తెలుగువాడు లేడు.

"మా అమ్మది తిరుపత్తూరమ్మా. ఇంట్లో అరవమే" అన్నాడతను తల గోక్కుంటూ.

"అరవమా! అయితే నాతో అంత బాగా తెలుగు మాట్లాడతావే?"

"తెలుగులో అడిగితే కొసరు వేస్తావు కదమ్మా."

ఆ మాటకు అంబుజమ్మ నోరు తెరిస్తే మూడిళ్ళ దాకా మూతపడలేదు. బెల్లం అడిగే కన్నడం ఆమె మలయాళీ అని తేలింది. వినిగర్ దొరసాని దానితో కిటికీ అద్దాలు తుడుస్తుందట, ఇంట్లో అందరూ తమిళమే. నలభై ఐదు ఇళ్ళు తిరిగేసరికి పద్నాలుగు ఇళ్ళలో భాష మారిపోయింది. పంతులు చెరిపే రబ్బరు అరిగి కందిగింజంత అయింది.

మూడున్నరకు అంగడికి తిరిగొచ్చారు. నలభై ఆరో ఇల్లు ఆమెదే.

"మాది సరిగానే ఉండాది. తెలుగు" అంది, ఆ పూట మొదటిసారి ధైర్యంగా ఊపిరి పీల్చి.

పంతులికి ఇక ఎవరి మీదా నమ్మకం లేదు. రూలు పుస్తకం తీశాడు. "చిన్నప్పుడు తల్లి బిడ్డతో ఏ భాష మాట్లాడిందో అదే మాతృభాష అని రాసిండారమ్మా. విశాలమ్మవ్వా, అంబుజమ్మతో నువ్వు తెలుగే కదా మాట్లాడింది?"

విశాలమ్మ అనపకాయ ఒలవడం ఆపలేదు. "తెలుగా? దానికి ఐదేండ్లు వచ్చేదాకా నాకు తెలుగే రాదు కదప్పా."

పొట్లం కడుతున్న అశ్వత్థనారాయణ దారం తెంచేశాడు.

"ఏం మాటమ్మా అది?" అంది అంబుజమ్మ.

"ఉండే మాటే. మా నాయన చాంపియన్ రీఫ్‌లో గని మనిషి, ఇంట్లో అంతా అరవమే. నా పేరు విశాలాక్షి. మీ నాయన ఆ గని కూలీల లైన్లలో చిల్లరంగడి పెట్టినప్పుడు నన్ను చూసి, కట్టుకుంటే ఈమెనే కట్టుకుంటానన్నాడు. నీకు ఐదేండ్లు వచ్చినాక మీ నాయన తల్లి, మీ జేజి, మనల్ని ఈ ఇంట్లోకి రానిచ్చింది. ఈ గడప లోపల తెలుగు తప్ప వినపడకూడదనింది. నేర్చుకుంటిని. ఎవురూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

"అబద్దం! నాకు ఒక్క ముక్క కూడా గుర్తు లేదే!"

"నీ బిడ్డల్ని ఏమని నిద్రపుచ్చితివి?"

"ఆరారో అని..." అంది అంబుజమ్మ. అని, అక్కడే ఆగిపోయింది. నలుగురు పిల్లల్ని, ముగ్గురు మనవళ్ళను ఆరారో అంటూనే పెంచింది. అది తెలుగు జోలే అనుకుంది. ఎదురింటి మునిశామప్ప పెళ్ళాం కూడా అదే పాడుతుంది, వాళ్ళది అరవమని ఈ పూటే తెలిసింది. ఆరోజు ఆమె ముఖం కంటే గల్లాపెట్టె మీది పసుపు బొట్టుకే ఎక్కువ కళ ఉంది.

"ఏం రాసేదమ్మా?" అన్నాడు పంతులు. ఎదురుగా వీధి మలుపులో గోపాలప్ప సైకిలు కనపడుతోంది.

"తెలుగు ఉండనీ."

"అవ్వను అడిగితే ఆమె ఉన్నది చెప్పేస్తాది కదమ్మా. నా గతేమి?"

"అయితే అరవం రాయి. వద్దు, చెరిపేయి. బజారుకి తెలిస్తే నేను ఇంగ ఎవుర్ని చూసి ఏమని చెప్పేది? తెలుగే రాయి. ఆగు, ఆగు..."

కందిగింజంత రబ్బరు కరకరలాడింది. సైకిలు గంట మోగింది. నంగలి హనుమక్కతో సహా వీధి మొత్తం అంగడి ముందు మూగింది. గోపాలప్ప దిగి, కాగితం చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇదేంది మేష్ట్రే? అమ్మా, నువ్వే చెప్పు. నీ మాతృభాష ఏది?"

అంబుజమ్మ తల్లిని చూసింది. ముసలామె చేతులు మొదటిసారి ఆగి ఉన్నాయి. చెప్పులు చంకలో పెట్టుకుని పంతులు కళ్ళు మూసుకున్నాడు. అంబుజమ్మ గోపాలప్పను దగ్గరికి రమ్మని, చెవిలో ఒకే ఒక్క మాట చెప్పింది. ఆయన కళ్ళు గోలీకాయలంత అయ్యాయి. విశాలమ్మను ఒకసారి, అంబుజమ్మను ఒకసారి చూసి, జేబులోంచి పెన్ను తీసి గడి పక్కన ఖాళీలో తనే రాసుకున్నాడు. కింద సంతకం పెట్టి, "సరిగా ఉండాది" అని సైకిలెక్కాడు.

వెంకటేశయ్య ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత అంబుజమ్మ ఎవరినీ చూసి ఏ భాషో చెప్పలేదు. సంబంధాల వాళ్ళొస్తే "వాళ్ళనే అడగండి" అనేది. మునిశామప్పకు కొసరు వేయడం మాత్రం మానలేదు, అతను ఏ భాషలో అడిగినా.

ఆ చెవిలో మాట ఏమిటని మొన్నొకరు అడిగితే ఆమె తక్కెడ కోల ఎత్తింది.

"ఎవురప్పా చెప్పింది? అంతా అబద్దం. ఆ మేష్ట్రు నా అంగట్లో కూచోనే లేదు. నేను వీధిలోకి దిగనే లేదు. మా అమ్మ పుట్టినప్పట్నుంచీ విశాలమ్మే. చిల్లంట, చిల్లు! కాయితం రవంత పల్చనయింది, అంతే. అదీ మా ఇంటి కాయితం కాదు."