సత్యవేణి మడికి నేను పోసిన నీళ్లు

పక్కింటివాళ్లు వేసవి పందిరి కోసం కొబ్బరాకులు కాలవలో నానబెట్టి తెచ్చి మా గోడ పక్కనే వేశారు. నాని పులిసిన ఆ వాసన పొద్దున్నే వంటింట్లోకి వచ్చింది. మావారు ముక్కు మూసుకుని కిటికీ వేసెయ్యమన్నారు. నేను వెయ్యలేదు. ఆ వాసన వస్తే చాలు, నాకు ఎస్తేరు మేడంగారి తోట గుర్తొస్తుంది. పోయినవాళ్లను తలుచుకుంటే కళ్లు చెమర్చాలంటారు. నాకు మాత్రం ముందు కడుపు మండుతుంది, ఆ తర్వాతే కళ్లు.

మేడంగారు అమలాపురం దగ్గర మా డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కాలేజీ వెనక మందుమొక్కల తోటలో అడుగుపెట్టగానే చెప్పులు విడిచి, కుచ్చెళ్లు పైకి దోపుకుని, మట్టిలోకి వేలు దించి తడి చూసేవారు. రెండో ఏడాదిలో ఒక్కొక్కరికి ఒక మడి ఇచ్చేవారు. పరీక్షలై సెలవులిచ్చినా, చుట్టుపక్కల ఊళ్లవాళ్లం పొద్దున్న ఆరింటికల్లా వచ్చి, ఎండ ముదరకముందే నీళ్లు పోసి కలుపు తీసి వెళ్లాలి. వేసవిలో మొక్కలు బాగా నిలబెట్టిన ఒక్కరికి, చివరి ఏడాదంతా తోట తాళంచెవి ఇచ్చేవారు. క్లాసులో ఫస్టు నేను. కాబట్టి ఆ తాళంచెవి నాదేనని మొదటి రోజే నిశ్చయించేసుకున్నాను.

నా మడిలో నేలవేము. సత్యవేణి మడిలో సర్పగంధి. సత్యవేణి వాళ్లమ్మ ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువుల మీద కూలికి వెళ్లేది. మొక్కల శాస్త్రీయ నామం ఒక్కటీ దానికి సరిగ్గా నోరు తిరిగేది కాదు. కానీ మా తోటలో ఏనాడూ మొలవని సర్పగంధి గింజ దాని చేతిలో మొలిచింది. "మంచి చెయ్యమ్మా నీది" అంటూ మేడంగారు ఆ మట్టి చేతిని తన చేతిలోకి తీసుకోవడం నేను కళ్లారా చూశాను. నా పేపరు మీద తొంభై మార్కులు వేసి గుడ్ అనేవారు. క్యారేజీలో పెసరట్టు మాత్రం తుంచి సగం దానికి పెట్టేవారు. నాకు మార్కులు, దానికి పెసరట్టు! మా ఇంట్లో పెసరట్లకేం కొదవ లేదు. అయినా ఆ సగం ముక్క కోసం ఎంత ఏడ్చానో చెబితే నవ్వుతారు.

ఉగాది వెళ్లగానే మేడంగారు మడులు మార్చేశారు. ఎవరి మడికి వాళ్లు నీళ్లు పోయకూడదు. ఏటా ఆవిడ పద్ధతి అదే.

"అదేంటండీ, మా మడి మేం చూసుకోలేమాండీ?" అన్నాను.

"చూసుకుంటారు. అదే నా భయం. సొంత మడంటే ప్రేమెక్కువైపోయి, ఎండ చూసి కంగారుపడి, పూటకి నాలుగుసార్లు పోసి చంపేస్తారు. పక్కోళ్ల మడికైతే ఎంత కావాలో అంతే పోస్తారు" అన్నారు. నా నేలవేము సత్యవేణికి, దాని సర్పగంధి నాకు అప్పగించారు.

లేత మొక్కలకు ఎండ తగలకుండా నాలుగు కర్రలు పాతి, కొబ్బరాకు తడికెలు కప్పేవాళ్లం. నీళ్లు పోసేటప్పుడు తడికెలు తీయాలి, పోశాక మళ్లీ కప్పాలి. రోజూ సర్పగంధి కొత్త చిగురు వేసేది. దాంతోపాటే నా కుళ్లూ చిగురు వేసేది. ఏప్రిల్ నెలాఖరున ఒక శనివారం తడికెలు తీశాను, నీళ్లు పోశాను, కప్పలేదు. మరిచిపోయానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకోవాలని చూశాను. మరిచిపోలేదు. ఆదివారం తోటకు సెలవు. ఆ రోజంతా మా వీధి గుమ్మంలో కూర్చుని, ఎండ ఎంత కాస్తోందో చూస్తూ గడిపాను.

సోమవారం వెళ్లేసరికి పదకొండు మొక్కలూ మాడిపోయి ఉన్నాయి. సత్యవేణి మడి ముందు కూలబడింది. కాసేపటికి లేచి, "శనివారం సాయంత్రం గాలేసిందండీ. తడికెలు ఎగిరిపోయుంటాయండీ" అంది మేడంగారితో.

"ఆయ్, గాలేనండీ" అన్నాను నేను.

మేడంగారు జామచెట్టు వైపు చూశారు. చెట్టు కింద తడికెలు ఒకదాని మీద ఒకటి, అంచులు కలిపి, దొంతరగా ఉన్నాయి. పెట్టింది నేనే. ఏది తీసినా పొందికగా సర్దడం మా అమ్మ నేర్పిన అలవాటు. పాపం చేసేటప్పుడూ అది పోలేదు. మేడంగారు నీళ్ల తొట్టి వైపు వెళ్లిపోయారు.

జూన్‌లో కాలేజీ తెరిచేసరికి నా నేలవేము గుబురుగా మోకాలెత్తు పెరిగింది, సత్యవేణి పోసిన నీళ్లకు. అందరి ముందూ మేడంగారు తాళంచెవి నా చేతిలో పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు, సత్యవేణితో సహా. వాళ్లంతా వెళ్లాక నన్ను ఆపారు.

"గాలి తడికెలు ఎగరేస్తాది గానీ, దొంతర పెట్టదు భవానీ."

"మరి తాళం నాకెందుకిచ్చేరండీ?"

"సత్యవేణి మడిలో ఎన్ని మొక్కలుండేవి?"

"పదకొండండీ."

"ఏ మొక్కకి ఎన్నాకులు?"

వరసగా చెప్పాను. ఒక్కటీ తప్పలేదు.

"మరి నీ మడిలో ఎన్నున్నాయి?"

నాకు తెలియదు.

"అంత చూపుంది నీకు. అంతా పక్క మడి మీదే తగలేసేవు" అన్నారు. కోపంగా అనలేదు. "ఈ ఏడాదంతా రోజూ సత్యవేణి కంటే ముందొచ్చి గేటు తియ్యి. మిగతాది నీ ఇష్టం."

ఏడాదంతా తీశాను. పొద్దున్న ఆరింటికి తోటలో మేమిద్దరమే ఉండేవాళ్లం. అది మళ్లీ సర్పగంధి వేసింది, మళ్లీ మొలిపించింది. నిజం నాలిక చివరిదాకా వచ్చేది. అంతలో పెసరట్టు ముక్క గుర్తొచ్చి మింగేసేదాన్ని.

ఇప్పుడు నేను రాజోలు వైపు హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. సత్యవేణి అదే కాలేజీలో, మేడంగారి ఉద్యోగంలోనే ఉంది. ఆ సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

పోయినేడు మేడంగారు పోయారు. జ్ఞాపకార్థ కూడికకు ఇద్దరం వెళ్లాం. ప్రార్థన అయ్యాక మేడంగారింటి పెరట్లో ఇద్దరమే మిగిలాం. ఇంక పట్టలేకపోయాను.

"ఆ తడికెలు నేనే తీసేనే. కావాలనే కప్పలేదు."

"తెలుసు" అంది. "ఆ రోజే, గాలన్నాక దొంతర చూసేను."

"మరి అడగలేదేం?"

"మేడంగారు వద్దన్నారు. తనంతట తను చెప్పేదాకా ఆగమన్నారు. తాళం నీకిచ్చింది అందుకే కదా. రోజూ గేటు దగ్గర చెప్తావేమోనని చూసేదాన్ని." మళ్లీ తనే అంది: "ఆ సోమవారం నీ గురించి మాటాడుతా ఏడ్చేశారు ఆవిడ. బంగారంలాంటి పిల్ల, ఇలా చేసిందేంటని."

ఆ మాట విన్నాక నాకేమైందో నిజమే రాస్తాను. ఆవిడ నా కోసం ఏడ్చారు. అంతకన్నా నాకేం కావాలి? కానీ ఆ సంతోషం ఇంకా లోపలికి దిగకుండానే, ఆ కన్నీళ్లు నా ముందు కాక దీని ముందు కార్చారే అన్న మంట దాన్ని తోసుకుని పైకొచ్చింది. నెరిసిన జుట్టుతో, పోయినావిడ పెరట్లో నిలబడి, ఆవిడ కన్నీళ్లకు కూడా కుళ్లుకున్నాను.

"నీ ముందు ఏడ్చేరంటే నాకు కుళ్లుగా ఉందే సత్యవేణీ" అన్నాను.

అది నా వైపు తేరిపార చూసింది. "పోన్లే, ఈసారి వెంటనే చెప్పేవు" అంది.

అసూయ పోయిందని బుకాయించను. మేడంగారి పేరు ఎవరెత్తినా, ఆవిడ వాళ్లకేం పెట్టారో, వాళ్లతో ఏమన్నారో ముందు ఆరా తీస్తాను. నాకంటే ఒక్క ముక్క ఎక్కువ పెట్టారని తెలిస్తే, కుళ్లుగా ఉందని వాళ్ల మొహం మీదే చెప్పేస్తాను.