గాదె ఎక్కి చూసిన పరాస్కా

మా ఊరి శతవార్షిక సంచికలో పరాస్కా హ్నాట్యుక్ గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: "వేటగాళ్ళకు భోజనాలు సమకూర్చేవారు." సంపాదకవర్గానికి మూడు ఉత్తరాలు రాశాను; నకళ్ళు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, జవాబు మాత్రం ఒక్కటీ రాలేదు. కాబట్టి 1994 అక్టోబరు పదకొండున సస్కాచవాన్‌లోని మా పొలాల్లో జరిగినదాన్ని, ఆనాటి దినచర్య పుస్తకం ముందుంచుకుని, నేనే రాస్తున్నాను.

ఆ ఏడు ఆమె భర్త ఓరెస్ట్‌కు మోకాలి శస్త్రచికిత్స జరిగింది. కోత ముగిసిన తమ గోధుమ చేలో ఆయనా, ఆయన తమ్ముడు స్టెఫ్కో కలిసి బాతుల వేటకు మాటు కట్టారు: మనిషి వెల్లకిలా పడుకునేంత చెక్క చట్రం, పైన గోనెపట్టా, దానిమీద గడ్డి. నాలుగు ఉదయాలు అడవి బాతులు దిగబోతున్నట్టే వచ్చి, మాటు కనబడగానే పక్కకు తిరిగిపోయాయి. ఐదోనాడూ ఇంతే అయితే తుపాకీ అమ్మేస్తానని ఓరెస్ట్ ప్రకటించాడు. అమ్మితే చలికాలమంతా తన వంటింట్లో కూర్చుని ప్రతి కూరకూ వంక పెడతాడని పరాస్కా బెంగ.

ఆ నాలుగోనాటి మధ్యాహ్నం వాళ్ళు ముగ్గురూ, పొరుగు రైతునైన నేనూ చేలో ఉన్నాం.

"ఇంకో రెండు మోపులు కప్పుదాం అన్నయ్యా" అన్నాడు స్టెఫ్కో.

"కప్పు, కప్పు! ఇప్పటికే గడ్డివాములా ఉంది" అంటూ అరవై ఆరేళ్ళ పరాస్కా చేను పక్కనున్న రేకు గాదె నిచ్చెన ఎక్కసాగింది.

"దిగు వదినా! పడ్డావంటే నీ మోకాలూ కోయించాలి!"

"నువ్వు పక్కన నిలబడి తెగ మురిసిపోతున్నావు. బాతులు నీ పక్కన నిలబడి చూస్తాయా?"

పైకెక్కి ఒక్క చూపు చూసి పగలబడి నవ్వింది. "ఓరెస్ట్! బోడిగుండుకి టోపీ పెట్టినట్టుందయ్యా! చుట్టూ ఉన్న గోధుమ కొయ్యకాళ్ళన్నీ పీకి దీనిమీదే పోశారు. సాళ్ళేమో ఉత్తరానికి పోతుంటే మీ గడ్డి తూర్పుకి పడుకుంది!"

యాభై ఏళ్ళు విత్తనం వేసిన మగవాళ్ళకు ఆ సాళ్ళు గుర్తురాలేదంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది; అందులో నేనూ ఒకణ్ణి.

ఆమె దిగివచ్చి మాటును బోడినేల నుంచి దూరంగా జరిపించింది. నీడ పడకుండా చట్రాన్ని జానెడు లోతుకు దింపించింది. గోనె కొత్తదనం చావడానికి ఆ చేని మట్టినే బురదచేసి పూసింది. కొయ్యకాళ్ళను ఒకేచోట కాక దూరదూరంగా గుప్పెడేసి కోయించి, సాళ్ళ వరసలో కలిసేలా నిలువుగా గుచ్చింది. మధ్యలో మరో రెండుసార్లు గాదె ఎక్కింది.

రెండోసారి పైనుంచి కేక: "లోపలున్నావా ఓరెస్ట్? ఏదీ, చెయ్యి ఊపు!"

మర్నాటి ఉదయం బాతులు కాళ్ళు చాచి సరిగ్గా మాటు ముందే వాలాయి. ఓరెస్ట్ రెండింటిని కొట్టాడు. నవ్వాపుకోలేక మూడోదాన్ని వదిలేశాడని స్టెఫ్కో ఫిర్యాదు.

"తుపాకీ కొంటానన్నవాణ్ణి రావద్దన్నాను" అన్నాడు ఓరెస్ట్, ఇల్లు చేరగానే. "రేపు అవతలి చేలో కడతాం. వస్తావా?"

"పక్కన గాదె ఉంటే వస్తా" అంది పరాస్కా. "ముందు ఆ ఈకలు బయటే పీక్కో. లోపలికి తెచ్చావో, నిన్నూ కలిపి ఊడ్చేస్తా!"