శాంతమ్మ టీచర్ ఆపిన దెబ్బలు

ఇవాళ ఉయ్యూరు దారిలో చెరుకు ట్రాక్టర్ వెనకే స్కూటీ మీద వస్తుంటే, ఆ పచ్చి తీపి వాసనకు నా తొమ్మిదేళ్లప్పటి రోజొకటి గుర్తొచ్చింది. ట్రాక్టర్ల వెనక పరిగెత్తి చెరుకు గడలు లాగిన నేస్తాల్లారా, ఆ వాసన మీకూ గుర్తుందా?

ఆ రోజు నేను చెరుకు ట్రాక్టర్ నడుపుతున్న నాన్న పక్కనే కూర్చున్నాను. మలుపులో బండి అదుపు తప్పి, చర్చి నుంచి నడిచి వస్తున్న మా ఊరి బడి శాంతమ్మ టీచర్‌ను గుద్దింది. ఆవిడ కాలు విరిగింది. జనం నాన్నను కిందికి లాగి కొట్టబోయారు.

రోడ్డు మీద పడి ఉన్న ఆవిడే గట్టిగా అరిచారు. "ఆయన్ని కొట్టకండయ్యా! కూతురు చూస్తోంది."

లేచిన చేతులు ఆగిపోయాయి.

మర్నాడు నాన్న నన్ను తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. "తప్పు నాదేనమ్మా, క్షమించండి" అంటూ ఏడ్చాడు. నాన్న ఏడవగా చూడటం నాకదే మొదటిసారి.

"నిన్ననే క్షమించేశానండీ. మా ప్రభువు నేర్పింది అదే కదా" అని ఆవిడ నన్ను దగ్గరకు పిలిచి తల నిమిరారు. "పాప బాగా బెదిరిపోయింది. రాత్రి నిద్రపోయిందా?"

నొప్పితో ఆవిడే రాత్రంతా కన్ను మూయలేదని, మేము బయటికొచ్చాక నర్సు చెప్పింది.