వేళ్లకు అందిన మంజీర

2022 వానాకాలం. చిక్కడపల్లిలో మా ఇంటి ముందుగదే నా వర్క్‌షాపు. బడులకు ఫెల్ట్ బొమ్మలు, గోడకు వేలాడదీసే గుడ్డ చిత్రాలు కుట్టడం నా పని. ఫెల్ట్ అంటే నేయకుండా పీచును అదిమి చేసే దళసరి గుడ్డ. ఎలా కత్తిరించినా అంచుల్లో పోగులు ఊడవు కాబట్టి వేలెడంత ముక్క కూడా పారేయను. ముక్కలను పెద్ద గుడ్డ మీద పేర్చి కుడితే అది అప్లిక్.

ఒక మధ్యాహ్నం స్వరూప అనే అమ్మాయి స్నేహితురాలి భుజం పట్టుకుని వచ్చింది. పుట్టుకతోనే చూపు లేదు. అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది.

"పాఠాలన్నీ ఫోన్ల వింట అక్కా. జాగ్రఫీ కాడనే పరేషాన్ అయితున్న. సారు బోర్డు మీద చెయ్యి పెట్టి, నది ఇక్కడికెళ్లి ఇట్ల వచ్చి అక్కడ కలుస్తది అంటడు. ఇక్కడ అంటే ఏడ? జర తెలంగాణ మ్యాప్ గుడ్డతోని కుట్టి ఇస్తవా? పరీక్షకు రెండు నెలలే ఉంది."

పది రోజుల్లో కుట్టాను. ముప్పై మూడు జిల్లాలకూ పక్కపక్కన ఒకే రంగు రాకుండా ఫెల్ట్ ముక్కలు ఏరాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. స్వరూప రెండు అరచేతులతో ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది.

"ఏమనుకోకు అక్కా. ఇదంతా ఒక్కటే గుడ్డ."

నాకు తల కొట్టేసినట్టయింది. చూపులేని మనిషికి రంగులు ఏరి ఇచ్చాను!

"ఉండనీ తీ. ఎట్లనో గట్ల నేర్చుకుంట" అంది, నా శ్రమ తలుచుకుని.

"వద్దమ్మా. మళ్లీ కుడతా" అన్నాను.

మర్నాడే అన్ని కుట్లూ విప్పేశాను. సంచి పట్టుకుని నారాయణగూడ టైలర్ల దగ్గర తిరిగి రకరకాల ముక్కలు తెచ్చాను. గీతల కార్డురాయ్, వెల్వెట్, టర్కీ టవల్, గోనె, నెట్, గరుకు పట్టు. స్వరూప పక్కన కూర్చుని నేనూ కళ్లు మూసుకుని ఒక్కో ముక్కా తడిమాను. నాకు తేడాగా అనిపించిన రెండు ఆమె వేళ్లకు ఒకటే. నాకు ఒకటే అనిపించినవి ఆమె చటుక్కున విడదీసేది. "ముప్పై మూడు రకాలు ఎందుకక్కా? పక్కపక్కకు ఒకటే రాకుంటే చాలు" అని ఫెల్ట్‌తో కలిపి ఎనిమిది రకాలు తనే తేల్చింది.

తొందరలో జిగురు పెడితే గుడ్డ గట్టిపడి గరుకూ నునుపూ ఒక్కటైపోయాయి. అవి పారేసి మొత్తం చేత్తో కుట్టాను. హైదరాబాద్ చుట్టుపక్కల జిల్లాలు వేళ్లకు ఇరుకైతే, ఆ భాగం పెద్దదిగా వేరే గుడ్డ మీద మూడోసారి కుట్టాను. నదులకు పైపింగ్, అంటే లోపల తాడు పెట్టి కుట్టిన సన్నటి గుడ్డ పట్టీ.

పని పూర్తయ్యేసరికి పరీక్షకు పాతిక రోజులుంది. స్వరూప చూపుడువేలు కర్ణాటక వైపు నుంచి పైపింగ్ మీద నడిచి, సంగారెడ్డి దగ్గర ఆగిపోయింది.

"ఇదేంది, ఇది మంజీర కదా? పైకి మర్లిందేంది?"

"అవునమ్మా. అక్కణ్నుంచి ఉత్తరానికి పోయి గోదావరిలో కలుస్తుంది."

"మా ఊరు మంజీర ఒడ్డునే అక్కా. చిన్నప్పటి సంది అండ్ల తానాలు చేసిన. ఎటు పోతదో నాకు ఇయ్యాల తెలిసింది." మూడుసార్లు ఆ వంపు మీద వేలు తిప్పింది. తర్వాత తన ఊరు ఉన్నచోట చిన్న ముడి కుట్టు వేయించుకుంది.

ఆ ఉద్యోగం ఆమెకు రాలేదు. ఫలితాల రోజు ఫోన్ చేసి, "జాగ్రఫీల పోలే అక్కా, లెక్కలల్ల పోయింది. మళ్ల రాస్త" అంది. రాసింది, వచ్చింది. ఇప్పుడు ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్. మ్యాప్‌ను హాస్టల్లో చూపులేని మరో అమ్మాయికి ఇచ్చి వెళ్లింది.

ఇన్నేళ్ల పనితనం ఉంది కదా అని, ఎదుటి మనిషికి ఏం కావాలో నాకే తెలుసనుకున్నాను. ఇప్పుడు ఏ ఆర్డర్ వచ్చినా, కత్తెర పట్టకముందే దాన్ని వాడబోయే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుంటాను. వాళ్లు కాదన్నచోట కుట్లు విప్పేస్తాను. అందుకు సిగ్గుపడటం మానేశాను.