రింగు తిరిగింది, అద్దం తిరగలేదు

మా ముత్తాత పద్నాలుగు ఊళ్లకు దేశ్‌ముఖ్. సూర్యాపేట నుంచి మూసీ ఒడ్డు దాకా ఆయన మాట నడిచేది. మా తాత గడిని రెండంతస్తులు చేశాడు. గుర్రాన్ని పెంచాడు. జర్మనీ నుంచి వచ్చిన ఒక మడత కెమెరా కొన్నాడు. మా నాన్న కోర్టు మెట్లు ఎక్కీ దిగీ భూములన్నీ పోగొట్టుకున్నాడు. నా వంతుకు వచ్చేనాటికి కూలగా మిగిలిన మూడు గదులు, నాలుగెకరాల చెలక, ఆ కెమెరా ఉన్నాయి.

1984లో నేను సైన్యంలో సిపాయిగా చేరాను. సూర్యాపేట బస్టాండులో ట్రంకుపెట్టెతో నిలబడితే వెనక నుంచి ఎవరో అన్నారు: "సూడున్రి, దొర కొడుకు బూట్లు తుడ్వ పోతుండు." నేను తిరిగి చూడలేదు. బస్సు వచ్చేదాకా నిటారుగానే నిలబడ్డాను.

1987 అక్టోబరులో ఉత్తర సరిహద్దు మీద ఒక పోస్టుకు పంపారు. ఎత్తు పదిహేను వేల ఎనిమిది వందల అడుగులు. బేస్ క్యాంపు నుంచి ఐదు గంటల ఎక్కుడు. ఉదయం 6:30కి బయలుదేరాం. ఒక్కొక్కరి వీపు మీద ఇరవై రెండు కిలోలు. పోస్టు కమాండర్ హవల్దార్. ఆయన చెప్పింది ఒకటే: "మెడలో ఏమీ వేలాడకూడదు. రెండు చేతులూ తాడు మీదే ఉండాలి."

కెమెరాను కోటు లోపల పెట్టుకున్నాను. సంచిలో సాక్సుల మధ్య, కిరోసిన్ వాసనలో దాన్ని పెట్టడానికి మనసొప్పలేదు. 10:40కి రాతి అంచు మీద ఆగాం. ఎదుట శిఖరం మబ్బు విడిచి కనబడింది. కెమెరా తీసి తెరిచాను. సరిగ్గా పట్టాలని ఒక అడుగు వెనక్కి వేశాను. కింద మంచు గట్టిపడి ఉంది. జారాను. నన్ను తాడు ఆపింది. కెమెరాను ఏదీ ఆపలేదు. ఆరడుగుల కింద, లెన్స్ రాయికి తగిలేలా బోర్లా పడింది.

తాడు పట్టుకుని దిగి తీశాను. అద్దం పగలలేదు. లెన్స్ చుట్టూ ఉన్న ఇత్తడి అంచుకు ఒకచోట సొట్ట పడింది. దూరాన్ని బట్టి తిప్పే రింగును తిప్పి చూశాను. తిరిగింది. "ఏం కాలేదు," అన్నాను.

మా గుంపులో ఒక ఆర్మరర్ ఉన్నాడు. తుపాకులు బాగుచేసే మనిషి. చలికి మెషిన్ గన్ బిగుసుకుపోతోందని కొన్ని నెలలు ఉండేలా అతన్ని మా వెంట పంపారు. హాలియా దాటాక ఒక తండా అతనిది. అతని తాత మా గడికి కూలి లేకుండా కట్టెలు మోసినవాడు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. పోస్టులో అతను నాయక్, నేను సిపాయిని. అంటే నాకు పైవాడు.

పోస్టు చేరిన మర్నాడు బంకర్లో బుఖారీ పొయ్యి దగ్గర కెమెరా తుడుస్తున్నాను. అతను వంగి చూశాడు.

"దొరా, జర ఇటియ్యి. సూస్త."

"అవసరం లేదు."

చెయ్యి చాపి, కెమెరా నా చేతిలో ఉండగానే రింగును వేలితో అటూ ఇటూ తిప్పాడు. "రింగు తిరుగుతున్నది గాని అద్దం తిరుగుతలేదు దొరా. లోపల మరలు వదులైనయ్. సొట్టకాడ అద్దం పట్టేసింది. గంట పని. గీడనే కూసోని తీస్త."

"మా తాతది అది. దాని సంగతి నాకెరుక. నువ్వు పోయి నీ మెషిన్ గన్ సూసుకో."

"మీ తాతదని నాకు తెల్వదా? మీ తాత డబ్బల మనుషులను పట్టుకుంటడని మా తాత చెప్పేటోడు. కట్టెలమోపు దింపి, గా డబ్బ కనబడితే ఉరికేటోడట." పెద్దగా నవ్వాడు. "హుకుం దొరా! గాని యాదిపెట్టుకో, గీడ నాయక్‌ను నేను."

మా ఇంట్లో వస్తువు పాతబడుతుంది గానీ చెడిపోదని నమ్మి పెరిగినవాణ్ని. కానీ ఆ రింగు ఎప్పుడూ పేరిన నెయ్యిలో తిప్పినట్టు బరువుగా తిరిగేది. ఇప్పుడు చిటికెన వేలికి తిరుగుతోంది. అంటే పాడైందని నాకు తెలుసు. తెలిసీ ఇవ్వలేదు.

మా రేడియో ఆపరేటర్ కొండ ప్రాంతం కుర్రాడు. అతని హిందీని నా తెలుగులో రాస్తున్నాను. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే అతనికి పెళ్లయింది. మూడో రోజే సెలవు రద్దని తంతి వచ్చింది. వాళ్ల ఊరికి అప్పటికింకా మంచుతో దారి మూసే ఉండటంతో పెళ్లికి ఫోటోలవాడు రాలేదు. పెళ్లిలో భార్య అతని మణికట్టుకు కట్టిన దారాన్ని విప్పలేదు. స్నానం లేని చోట అది నల్లబడింది. నవంబరులో ఆమె రాయించి పంపిన ఉత్తరాన్ని మాకందరికీ చదివి వినిపించాడు: "మీ ముఖం మరిచిపోతున్నాను. కళ్లు మూసుకుంటే మీసం కనబడుతోంది, మనిషి కనబడటం లేదు. నాకు భయంగా ఉంది. ఒక్క ఫోటో పంపండి."

"మీసం ఒక్కటీ తీసి పంపవయ్యా, సరిపోతుంది," అన్నాడు వంటవాడు. బంకరంతా నవ్వింది. ఆపరేటర్ నవ్వలేదు. నా వైపు తిరిగాడు.

"భాయ్, నీ దగ్గర కెమెరా ఉంది కదా?"

"ఉంది," అన్నాను.

"పనిచేస్తుంది కదా?"

పొయ్యి దగ్గర నుంచి ఆర్మరర్ తల ఎత్తి నన్నే చూశాడు.

"పనిచేస్తుంది," అన్నాను.

మర్నాటి ఆదివారం 12:00కు రేడియో చెక్ అయ్యాక అందరూ బయటికి వచ్చారు. చలి సున్నాకు పదకొండు డిగ్రీల కింద. గాలి లేదు. రీలుకు పన్నెండు ఫోటోలు. మా తాత మనుషుల్ని ఎలా నిలబెట్టేవాడో అలాగే పది అడుగుల దూరంలో నిలబెట్టాను. గడ్డం పైకి, భుజాలు వెనక్కి. ఆపరేటర్ టోపీ తీసి, తల దువ్వి, మీసం తడిపి వచ్చాడు. అతనివి ఐదు తీశాను. మిగతా వాళ్లవి ఆరు. ఆ పాత కెమెరాలో చూసే కిటికీ వేరు, లెన్స్ వేరు. కిటికీలోంచి చూస్తే అన్నీ స్పష్టంగానే ఉంటాయి. ప్రతివాడూ ఒకసారి చూసి, "శభాష్" అన్నాడు. పన్నెండోది నొక్కబోతుండగా ఆపరేటర్ కొంచెం దగ్గరికి వచ్చి నా వైపు చాయ్ మగ్గు చాపాడు.

"ఇక చాలు భాయ్. చల్లారుతుంది, తాగు."

వేలు అప్పటికే నొక్కింది.

జనవరిలో నాకు సెలవు దొరికింది. ఆర్మరర్‌కూ దొరికింది. ఆపరేటర్ బంకరు మెట్ల దాకా వచ్చి, "ఫోటోలు నీ చేత్తోనే తీసుకురా. పోస్టులో వేస్తే పోతాయి," అన్నాడు. సికింద్రాబాద్ స్టేషన్లో విడిపోయేటప్పుడు ఆర్మరర్ నా మెడలోని కెమెరాను చూసి అన్నాడు: "పరేషానైతె హాలియల దిగి తండ అడుగు. ఎవరైనా చెప్తరు."

సూర్యాపేటలో స్టూడియో ఆయన రీలు కడిగి వెలుతురుకు పట్టుకున్నాడు. తిప్పి మళ్లీ పట్టుకున్నాడు.

"సార్, మంచుల తీసిండ్రా, పొగల తీసిండ్రా?"

ప్రింట్లు తీయించాను. పదకొండింటిలో ముఖాలు లేవు. తెల్లటి మచ్చలున్నాయి. పన్నెండోదానిలో మగ్గు అంచు, దాని మీద బొటనవేలు, మణికట్టు మీద దారం, దారం ముడి, ముడి నుంచి లేచిన రెండు కొసలు ఉన్నాయి. అన్నీ సూదితో గీసినట్టున్నాయి. వాటి వెనక మళ్లీ తెల్లటి మచ్చ. లెన్స్ మూడడుగుల దూరానికి బిగుసుకుపోయింది. ఆ దూరంలో ఉన్నది అతని చెయ్యి ఒక్కటే.

"కెమెరా బాగుచేసుడుకు హైదరాబాద్ పంపుత. నెల పడ్తది," అన్నాడాయన.

నేను తిరుగు రైలెక్కడానికి ఆరు రోజులున్నాయి. తిరిగి వెళ్లి ముఖం మళ్లీ తీస్తే చాలు. బాగైన లెన్స్ కావాలి, అంతే.

మర్నాడు కోదాడ వెళ్లాను. అక్కడ సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపే ఆయన లెన్సులు విప్పుతాడని చెప్పారు. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి రింగు తిప్పి చూశాడు.

"రింగు తిరుగుతోంది గానీ అద్దం తిరగట్లేదండీ."

అవే మాటలు.

"పడ్డప్పుడే ఎవరికైనా చూపించి ఉండాల్సిందండీ. చలిలో తిప్పీ తిప్పీ మరను అరగదీశారు. మీ మిలిటరీలో ఇలాంటివి చేసేవాళ్లు ఉంటారు కదండీ? మీ దగ్గర ఎవరూ లేరా?"

"లేరు," అన్నాను.

ఆ అబద్ధంతో బస్సెక్కి మిర్యాలగూడ చేరాను. రైస్ మిల్లుల వీధిలో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. రెండు రోజులు తిప్పించుకున్నాడు. రింగును పట్టి ఉంచే మరలు మూడు, ఆవగింజ కన్నా చిన్నవి. మొదటిది తీశాడు. రెండోది తీశాడు. మూడోది చిమటా నుంచి ఎగిరి కింద పడింది.

"ఆగున్రి! కాలు కదపకున్రి!" అని అరిచాడు.

వీధంతా మిల్లుల ఊక దుమ్ము. అంగడి నేల మీద వేలు మందాన పేరుకుంది. నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. తర్వాత చేతులు కూడా ఆనించాను. గడప దాటి మురుగు మోరీ అంచు దాకా ఊకను వేళ్లతో జల్లించాను. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఒకామె అడిగింది: "బంగారం పోయిందా బిడ్డా?" గంటసేపు వెతికాను. దొరకలేదు.

"నాతోని కాదయ్యా. తీస్కపో," అన్నాడు పెద్దాయన. లెన్సును, రెండు మరలను కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు.

లేచి మోకాళ్లు దులుపుకోలేదు. అలాగే హాలియా బస్సెక్కాను.

తండాలో ఆర్మరర్ లుంగీ కట్టుకుని మేకల దొడ్డికి కంప కొడుతున్నాడు. నన్ను చూసి కత్తి పక్కన పెట్టాడు. వాళ్లమ్మ గుడిసె ముందు జొన్నలు చెరుగుతోంది. లంబాడీలో ఏదో అడిగింది. అతను చెప్పాడు. ఆమె నా వైపు తిరిగి తెలుగులో అంది: "గడి దొర మనుమడివా? మా ఇంటికి నడిచి వచ్చినవా? కూసో. మంచం లేదు, నేల ఉన్నది."

నేల మీద కూర్చున్నాను. పొట్లం అతని చేతిలో పెట్టాను.

"మూడో మర పోయింది."

"రెండు చాలు. తుపాకి కాదు గద."

తుమ్మ కొయ్యను గుండ్రంగా చెక్కి సొట్టలోకి ఆనించి, పైనుంచి గుడ్డ వేసి మెల్లగా కొట్టాడు. కిరోసిన్‌తో మరల సందులు కడిగాడు. అద్దం తిరిగింది. తర్వాత ఫిల్ము ఉండే చోట నూనె రాసిన పల్చటి కాగితాన్ని పరిచాడు.

"నువ్వు పట్టుకో. గా గుట్ట దిక్కు పెట్టు. నేను తిప్పుత, నువ్వు సూడు."

కాగితం మీద గుట్ట తలకిందులుగా కనబడింది. మొదట మసక. మెల్లగా దాని మీద బండలు లేచాయి. బండల మధ్య ఒక మేక కూడా.

"ఆపు!" అన్నాను.

అక్కడ రెండు మరలూ బిగించాడు. బిగిస్తూ తల ఎత్తకుండా అడిగాడు: "గప్పుడెందుకియ్యలే దొరా?"

"నీ చేతికియ్యబుద్ధి కాలె."

కెమెరాను మూసి నా చేతిలో పెట్టాడు. "నా సెలవు ఇంక వారమున్నది. ఆపరేటర్‌కు నా సలాం చెప్పు," అన్నాడు. మొత్తం పని గంట కూడా పట్టలేదు.

సెలవు ముగిసిన రోజుకు బేస్ క్యాంపు చేరాను. సాయంత్రం 4:10. రేడియో గదిలోకి వెళ్లి మా పోస్టును పిలిపించాను. సెట్‌లో వచ్చిన గొంతు వేరే.

"ఆపరేటర్ ఎక్కడ? ఓవర్."

"నేనే ఆపరేటర్‌ను. కొత్తగా వచ్చాను. ఓవర్."

"పాత ఆపరేటర్ ఎక్కడ? ఓవర్."

గరగర శబ్దం. తర్వాత హవల్దార్ గొంతు: "ఆరు రోజులైంది. తుఫానులో యాంటెనా పడింది. నిలబెట్టడానికి వెళ్లాడు. పైనుంచి మంచు విరిగింది. వెతికాం. దొరకలేదు. నువ్వు రేపు 6:30కి బయలుదేరు. అవుట్."

పైకి వెళ్లాక యాంటెనా నిలబెట్టిన చోటును ఫోటో తీశాను. తర్వాత దాన్ని కడిగిస్తే స్తంభం మీది మంచు పలుకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా వచ్చాయి. లెన్స్ అంత బాగా పనిచేసింది.

అతని గుర్తింపు కార్డు అతనితోనే పోయింది. ఆఫీసు కాగితాల్లో ఉన్నది భర్తీ నాటి ఫోటో. గుండు, మీసం రాని పసి ముఖం. దాన్ని అతని భార్యకు పంపితే, ఇది తన భర్త కాదని ఆమె తిప్పి పంపించింది. అప్పుడు నేను పన్నెండో ఫోటోను పంపాను. ఏప్రిల్‌లో జవాబు వచ్చింది. ఎవరి చేతనో రాయించింది.

"చెయ్యి ఆయనదే. దారం నేను కట్టిందే, ముడి గుర్తుపట్టాను. ముఖం ఉన్నది కూడా పంపండి."

నేను జవాబు రాయలేదు. మూడుసార్లు మొదలుపెట్టాను. అక్టోబరులో, పొయ్యి దగ్గర, ఒక గంట పనికి కెమెరా ఇవ్వలేదని రాయాలి. రాయలేకపోయాను.

1999లో పెన్షన్ మీద ఊరికి తిరిగి వచ్చాను. చాయ్ గ్లాసు ఎవరు అందించినా నేను ముందు చేతిని చూస్తాను. బొటనవేలు గ్లాసు అంచు మీద ఉంటే నాకు మణికట్టు మీద దారం, దాని ముడి, రెండు కొసలు కనబడతాయి. ఆ వెనక తెల్లటి మచ్చ. ఎంత ప్రయత్నించినా అతని ముఖం ఇప్పుడు నాకూ గుర్తు రాదు. మీసం ఒక్కటే గుర్తొస్తుంది.

ఆ ఏడాదే గడి టేకు దూలాలను కోదాడ కట్టె అడితి వాళ్లకు, నాలుగెకరాల చెలకను పక్క ఊరి రైతుకు అమ్మాను. కెమెరాను మిర్యాలగూడలో ఒక స్టూడియో వాళ్లు అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి కొన్నారు.